హర్డిల్ పడేసినా పతకం ఎలా వస్తుంది? పురుషుల 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌లో గెలుపు ఎక్కడ తేలుతుంది?

ప్రశ్న: ప్రపంచ ఛాంపియన్‌షిప్స్, ఒలింపిక్స్ పురుషుల 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్స్ వీడియోలు వరసపెట్టి చూశాను. కొందరు హర్డిల్స్ పడేస్తూ పరిగెత్తినా పతకం ఇచ్చారు. 2011లో మాత్రం ముందొచ్చినవాడినే తీసేశారు. ఇంతకీ హర్డిల్ పడితే తప్పా, కాదా? తప్పు కాకపోతే అందరూ గుద్దుకుంటూ పోవచ్చుగా?

సమాధానం:

చిన్న జవాబు ముందే చెప్పేస్తాను. హర్డిల్ పడటం దానంతటది తప్పు కాదు. పదికి పదీ పడేసినా ఫలితం చెల్లుతుంది, రికార్డు వస్తే అదీ చెల్లుతుంది. దేంతో పడేశాడు, ఆ పడటం వల్ల ఇంకొకడికి అడ్డం వచ్చిందా, రిఫరీ చూసేది ముఖ్యంగా ఈ రెండే. మిగతా నష్టమంతా టైములో పోతుంది. అది ఎంతన్నది కాలు ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే సగం పడేసినవాడు పతకం పట్టుకుపోవడం, ఒక్కటీ తాకనివాడు ఆరో స్థానంలో మిగిలిపోవడం ఈ రేసులో మామూలే.

మొదట్నుంచీ ఇలా లేదు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఐర్లండ్ అథ్లెట్ బాబ్ టిస్‌డాల్ 400 మీటర్ల హర్డిల్స్‌ను 51.7 సెకన్లలో గెలిచాడు. చివరి హర్డిల్ పడింది. అప్పటి రూల్ ప్రకారం స్వర్ణం ఇచ్చారుగానీ ప్రపంచ రికార్డు ఇవ్వలేదు. రికార్డుల జాబితాలోకి రెండో స్థానంలో వచ్చిన అమెరికన్ గ్లెన్ హార్డిన్ పేరు ఎక్కింది. 1930ల మధ్యలో హర్డిల్ ఆకారమే మారింది. అంతకుముందు తిరగేసిన 'టి' ఆకారంలో ఉండే బరువైన చట్రాల బదులు, తగిలితే ముందుకు ఒరిగిపోయే 'ఎల్' ఆకారం వచ్చింది. హర్డిల్ పడటమే నెమ్మదించడానికి చాలినంత కారణం కాబట్టి వేరే శిక్ష అక్కర్లేదన్న ఆలోచన ఆ మార్పుతోనే నిలబడింది.

ఇప్పటి హర్డిల్ సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. పురుషుల 110 మీటర్లకు ఎత్తు 1.067 మీటర్లు. వెడల్పు 1.18 నుంచి 1.20 మీటర్లు, లేన్ వెడల్పు 1.22 మీటర్లు. అంటే పక్కపక్క లేన్లలోని హర్డిల్స్ దాదాపు అంచుకు అంచు ఆనుకున్నట్టే ఉంటాయి. మొత్తం బరువు 10 కిలోలకు తగ్గకూడదు. పై బద్దీ మధ్యలో పట్టి తోస్తే 3.6 నుంచి 4 కిలోల బలానికి ఒరగాలి. అంతకంటే తేలిగ్గా ఒరిగినా, అంతకంటే గట్టిగా నిలబడినా ఆ హర్డిల్ పనికిరాదు.

ఆ బలాన్ని సరిచేసేది అడుగు కడ్డీల్లో అటూ ఇటూ జరిగే బరువులు. నిలువు కాళ్లు దూకి దిగే వైపు చివర ఉంటాయి, అడుగు కడ్డీలు పరిగెత్తి వచ్చేవాడి వైపు చాచుకుని ఉంటాయి. హర్డిల్ తిరగబడేది నిలువు కాళ్ల అడుగు మీద. ఎత్తు పెంచితే మీట పొడవు పెరుగుతుంది కాబట్టి, బరువులను కడ్డీల కొసవైపు జరపాలి. మహిళల 100 మీటర్ల రేసు 0.838 మీటర్ల ఎత్తులో జరిగాక అవే హర్డిల్స్‌ను 1.067కి పైకి లాగి, బరువులను మాత్రం పాత స్థానంలోనే వదిలేస్తే అవి మూడు కిలోల బలానికే పడిపోతాయి. చిన్న పోటీల్లో ఇది తరచూ జరిగే పొరపాటు. పెద్ద ఛాంపియన్‌షిప్‌లో ఎనిమిది లేన్లకు 80 హర్డిల్స్, తొమ్మిదికి 90. ఎత్తు గుర్తు, బరువుల గుర్తు ఒకే వరసలో ఉన్నాయా అని చూసుకుంటూ పోవాలి. స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి చూస్తే అనుమానం తీరిపోతుంది. హర్డిల్‌ను పెట్టేటప్పుడు, పరిగెత్తి వచ్చేవాడి వైపున్న బద్దీ అంచు ట్రాక్ మీది గుర్తుకు సరిగ్గా ఎదురుగా రావాలి.

ఇంకో మాట, ప్రాక్టీసు చేసేవాళ్లకు: హర్డిల్‌ను వెనక వైపు నుంచి ఎప్పుడూ దాటకండి. ఆ వైపు నుంచి తగిలితే అది ఒరగదు, మీరే ఒరుగుతారు.

ఇప్పుడు దూరాలు. స్టార్ట్ నుంచి మొదటి హర్డిల్‌కు 13.72 మీటర్లు, హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 9.14, పదో హర్డిల్ నుంచి ఫినిష్‌కు 14.02. ఈ వంకర అంకెలు గజాల కాలం నాటివి. 15 గజాలు, మధ్యలో తొమ్మిది సార్లు పదేసి గజాలు, చివర మళ్లీ 15 గజాలు కలిపి 120 గజాల రేసు ఉండేది. దాన్ని 110 మీటర్లు చేసినప్పుడు మిగిలిన చిన్న తేడాను చివరి పరుగులో కలిపేశారు. హర్డిల్స్ మధ్య దూరం ముట్టుకోలేదు.

ఈ రేసు మొత్తం ఆ 9.14 మీటర్ల చుట్టూనే తిరుగుతుంది. మంచి అథ్లెట్ హర్డిల్‌కు 2 నుంచి 2.2 మీటర్ల ముందు నేల వదులుతాడు, దాటాక 1.3 నుంచి 1.5 మీటర్ల దూరంలో దిగుతాడు. ఇవి తీసేస్తే మధ్యలో నేల మీద మిగిలేది ఐదున్నర మీటర్ల పైచిలుకు. అందులో మూడంటే మూడే అడుగులు. సగటున ఒక్కోటీ 1.9 మీటర్లు. దిగగానే వేసే మొదటి అడుగు పొట్టిది, రెండోది పొడవు, మూడోది మళ్లీ కాస్త కుదించింది, ఎందుకంటే టేకాఫ్ కాలు, అంటే నేలను తోసి ఎగిరే కాలు, శరీరం కిందకి త్వరగా వచ్చి పడాలి. పేరున్న స్ప్రింటర్ మామూలు పరుగులో వేసే అడుగు 2.4 మీటర్ల దాకా ఉంటుంది. ఆ అడుగును హర్డిలర్ ఇక్కడ వెయ్యలేడు, వేస్తే నేరుగా బద్దీ మీదే.

చాలామంది అనుకునేదానికి ఇది తలకిందులు. కొత్తగా నేర్చుకునే కుర్రాడికి మూడడుగుల్లో తర్వాతి హర్డిల్ అందదు, సాగదీసి దూకి వెనక కాలు తగిలించుకుంటాడు. ప్రపంచ స్థాయిలో సమస్య పూర్తిగా వేరు. నాలుగో హర్డిల్ నుంచి వేగం పెరిగేకొద్దీ జాగా చాలక హర్డిల్ మీద మీదకి వచ్చేస్తుంది. రెండు మీటర్ల ముందు ఎగరాల్సినవాడు 1.85 దగ్గర ఎగిరితే ముందు కాలు పైకి లేచేలోపే బద్దీ ఎదురవుతుంది. అగ్రశ్రేణి అథ్లెట్లు హర్డిల్స్‌ను పడేసేది ఎక్కువగా అందుకే. వేగంగా ఉన్నందువల్లే పడేస్తున్నాడు. ఎత్తుగా దూకి తప్పించుకోవచ్చుగా అంటారా? గాల్లో ఉన్నంతసేపూ వేగం తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. హర్డిల్ మీదుగా మామూలుగా పట్టే సమయం సెకనులో మూడో వంతు. ప్రతి హర్డిల్‌కూ 0.02 చొప్పున ఎక్కువ గాల్లో ఉంటే పది హర్డిల్స్‌కు 0.20 సెకన్లు. ఫైనల్లో ఆ తేడాకి స్వర్ణం, ఐదో స్థానం రెండూ ఇమిడిపోతాయి.

కాబట్టి 'శుభ్రంగా దాటినవాడు' తప్పనిసరిగా బాగా పరిగెత్తినవాడు కాదు. అమెరికన్ అలెన్ జాన్సన్ రేసులు చూడండి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఫైనల్లో హర్డిల్స్ టకటకా తగిలించుకుంటూ, పడేస్తూ 12.95తో గెలిచాడు. అదే జాన్సన్ 2004 ఏథెన్స్‌లో ఫైనల్ దాకా కూడా రాకుండా హర్డిల్ తగిలి పడిపోయాడు. రెండూ ఒకే పద్ధతి పరుగు. ఎక్కడ తగిలిందన్నదే తేడా.

తగలడంలో రకాలున్నాయి. ముందు కాలి పిక్క, తొడ వెనక భాగం బద్దీని పైనుంచి రాసుకుంటూ పోతే నష్టం దాదాపు లేనట్టే. హర్డిల్ పడుతుంది, పరుగు సాగుతుంది. ముందు పాదం అరికాలు నేరుగా బద్దీని తన్నితే కాలు కిందకి రావడం ఆలస్యమై, దిగేటప్పుడు నడుము వెనక్కి ఉండిపోతుంది. తర్వాతి మూడడుగులూ సాగదీయాల్సి వస్తుంది. అన్నిటికంటే చెడ్డది వెనక కాలి మోకాలో చీలమండో తగలడం. అది శరీరాన్ని ఒక పక్కకి తిప్పేస్తుంది. భుజాలు వాలిపోతాయి, దిగిన పాదం లేన్ మధ్య గీతకు బదులు అంచు దగ్గర పడుతుంది. రీప్లేలో పడిన హర్డిల్‌ను చూడకండి, దాని తర్వాత దిగిన పాదాన్ని చూడండి. ఆ పాదం నడుము కిందే పడి, ముక్కు తిన్నగా ఫినిష్ వైపు ఉంటే అతనికేమీ కాలేదని అర్థం.

రూల్ దగ్గరికి వద్దాం. వరల్డ్ అథ్లెటిక్స్ సాంకేతిక నిబంధనల్లో హర్డిల్స్‌కు సంబంధించింది 22వది. ఎవరి లేన్‌లో వాళ్లు, ప్రతి హర్డిల్‌నూ పైనుంచి దాటాలి. అనర్హత వేటు పడే సందర్భాలు మూడు. దాటే క్షణంలో పాదం గానీ కాలు గానీ హర్డిల్ పక్కనుంచి, బద్దీ పై అంచు మట్టానికి దిగువన పోవడం ఒకటి. చేత్తోనో, ఒంటితోనో, ముందు కాలి పై భాగంతోనో హర్డిల్‌ను పడేయడం, జరపడం రెండోది. తన లేన్‌లోదైనా పక్క లేన్‌లోదైనా హర్డిల్‌ను పడేసి లేదా జరిపి దానివల్ల ఇంకొక అథ్లెట్‌కు ఆటంకం కలిగించడం, లేదా ఆ క్రమంలో మరో రూల్ మీరడం మూడోది. వీటిలోకి రాని పడేయడం ఎన్నిసార్లు జరిగినా రూల్ పట్టించుకోదు. మీరడిగిన 'గుద్దుకుంటూ పోవడం' రెండో దాంట్లో ఇరుక్కుంటుంది. దూకే ఉద్దేశమే లేకుండా తొడతో తోసుకుంటూ పోతే బయటికి పంపిస్తారు.

2011 డేగూ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ ఫైనల్‌కు వీటితో సంబంధం లేదు, అది పక్కవాడికి అడ్డుపడిన కేసు. క్యూబా అథ్లెట్ డైరాన్ రోబ్లెస్ అప్పటి ప్రపంచ రికార్డు మనిషి, 12.87. చైనా అథ్లెట్ లియూ షియాంగ్ పక్క లేన్‌లోనే ఉన్నాడు. చివరి హర్డిల్స్ దగ్గర ఇద్దరూ భుజం భుజం కలిపి వస్తున్నారు. తొమ్మిదో హర్డిల్ దగ్గర రోబ్లెస్ చెయ్యి లియూ చేతికి తగిలింది, పదో హర్డిల్ దగ్గర మళ్లీ తగిలింది. లియూ పదో హర్డిల్‌ను గుద్దుకుని, అడుగు తడబడి, ఊపు పోగొట్టుకున్నాడు. గీత దాటిన వరస: రోబ్లెస్ 13.14, జేసన్ రిచర్డ్‌సన్ 13.16, లియూ 13.27. చైనా జట్టు ఫిర్యాదు చేసింది, రోబ్లెస్‌ను తీసేశారు. క్యూబా అప్పీల్ నిలవలేదు. రిచర్డ్‌సన్‌కు స్వర్ణం, లియూకి రజతం, నాలుగో స్థానంలో వచ్చిన బ్రిటన్ అథ్లెట్ ఆండీ టర్నర్‌కు 13.44తో కాంస్యం దక్కాయి.

ఇక్కడ రోబ్లెస్ కావాలని చేశాడా అన్న వాదన అనవసరం. రూల్ ఉద్దేశాన్ని అడగదు, పక్కవాడి పరుగు దెబ్బతిన్నదా అని అడుగుతుంది. చేతులు తగలడం ఈ రేసులో చాలా మామూలు. వెనక కాలు పక్కనుంచి మడిచి ముందుకు తెచ్చేటప్పుడు అదే వైపు చెయ్యి ఆ మోకాలికి దారి ఇస్తూ వెడల్పుగా వెనక్కి ఊడ్చినట్టు పోతుంది. ఎడమ లేన్‌వాడు ఎడమ కాలితో, కుడి లేన్‌వాడు కుడి కాలితో దాటుతూ సమానంగా వస్తుంటే, వెడల్పుగా ఊగే చేతులు రెండూ మధ్య గీత దగ్గరే కలుస్తాయి. హర్డిల్స్ మధ్య ఖాళీ రెండు మూడు సెంటీమీటర్లే అయినప్పుడు తగలక ఏం చేస్తాయి? ఇద్దరికీ సమానంగా తగిలి ఇద్దరూ సాగిపోతే రిఫరీ వదిలేస్తాడు. డేగూలో రెండుసార్లు తగిలింది, నష్టం ఒకవైపే పడింది, అదీ పతకాల మధ్య. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే.

2019 దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ ఇంకో రకం. ఒమర్ మెక్‌లియోడ్ 2016 రియో స్వర్ణ విజేత. ఫైనల్లో లయ తప్పి, హర్డిల్స్ తగిలించుకుంటూ పక్కకి కొట్టుకుపోయి, స్పెయిన్ అథ్లెట్ ఒర్లాండో ఒర్టెగాకు అడ్డం వచ్చి, కింద పడ్డాడు. ఒర్టెగా పతకం అందుకునే ఊపులో ఉండగా ఐదో స్థానానికి జారాడు. మెక్‌లియోడ్‌ను తీసేయడంతో ఒర్టెగాకు జరిగిన నష్టం తీరదు కదా. స్పెయిన్ అప్పీల్ తర్వాత జ్యూరీ అతనికీ కాంస్యం ఇచ్చింది. 13.18తో మూడోవాడిగా వచ్చిన ఫ్రాన్స్ అథ్లెట్ పాస్కల్ మార్టినో-లగార్డ్ పతకం అతనికే ఉంది. ఆ ఫైనల్లో రెండు కాంస్యాలు కనిపించడానికి కారణం అదే. స్వర్ణం 13.10తో గ్రాంట్ హాలోవేది, రజతం 13.15తో సెర్గీ షుబెన్‌కోవ్‌ది.

ఫిర్యాదుల పద్ధతి క్లుప్తంగా: ఫలితం అధికారికంగా ప్రకటించిన 30 నిమిషాల్లోపు ముందు రిఫరీకి చెప్పాలి. రిఫరీ నిర్ణయం నచ్చకపోతే రాతపూర్వకంగా, డిపాజిట్ కట్టి జ్యూరీ ఆఫ్ అప్పీల్‌కు పోవాలి. అందుకే స్కోర్‌బోర్డ్ మీద పేర్లు వచ్చాక కూడా అనుభవం ఉన్న కోచ్‌లు కాసేపు ఎవరికీ చెయ్యి కలపరు.

స్టార్ట్ దగ్గర కూడా రేసులు పోతాయి. స్టార్ట్‌లో పాదాలు ఆనించే బ్లాక్స్‌లోని సెన్సర్లు పాదం ఒత్తిడిని నమోదు చేస్తాయి. తుపాకి పేలాక 0.100 సెకను లోపు స్పందిస్తే ముందే ఊహించి కదిలాడనే లెక్క. 2010 నుంచి మొదటి తప్పుకే ఇంటికి. 2022లో అమెరికాలోని యూజీన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ ఫైనల్లో డెవాన్ అలెన్ స్పందన 0.099గా వచ్చింది. తేడా సెకనులో వెయ్యో వంతు. అదే ఊళ్లోని ఒరెగాన్ యూనివర్సిటీకి ఆడినవాడు, స్టేడియం మొత్తం అతని కోసం అరుస్తోంది, అయినా బయటికి నడవక తప్పలేదు. నిబంధన ప్రకారం తప్పు పట్టడానికి లేదుగానీ, మనిషి స్పందనకు ఇంత కచ్చితమైన గీత గీయడం సబబేనా అన్న చర్చ అప్పట్నుంచీ సాగుతూనే ఉంది.

మొదటి హర్డిల్ దాకా ఎనిమిది అడుగులా ఏడా అన్నది మీరు వీడియోలో లెక్కపెట్టి చూడదగ్గది. 13.72లో టేకాఫ్ దూరం పోగా మిగిలేది పదకొండున్నర మీటర్ల పైన. ఎనిమిదైతే సగటు అడుగు 1.45 మీటర్లు, ఏడైతే 1.65. ఎనిమిది అడుగులవాడు బ్లాక్స్‌లో ముందు పెట్టిన కాలితోనే హర్డిల్‌కు టేకాఫ్ తీసుకుంటాడు. ఏడుకి మారితే కాళ్లు తారుమారవుతాయి, వెనక బ్లాక్‌లోని కాలు టేకాఫ్ కాలవుతుంది. ఏళ్ల తరబడి అలవాటైన స్టార్ట్‌ను ఎదురు కాలితో మళ్లీ నేర్చుకోవాలన్నమాట. రోబ్లెస్ ఏడడుగులతో రికార్డు కొట్టాక చాలామంది అటు మళ్లారు. అమెరికన్ ఏరీస్ మెరిట్ 2011 సీజన్ తర్వాత మారి, 2012లో లండన్ ఒలింపిక్స్‌ను 12.92తో గెలిచి, అదే సెప్టెంబర్‌లో బ్రసెల్స్‌లో 12.80 పరిగెత్తాడు. అదే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. ఏడు అడుగులు అందరికీ నప్పవు. కాళ్లలో ఆ బలం లేనివాడు చివరి రెండడుగులు సాగదీస్తాడు, టేకాఫ్ కాలు శరీరానికి ముందు పడి బ్రేక్ వేసినట్టవుతుంది. అలా అయితే ఎనిమిదే మేలు. పొడుగువాళ్లకు ఏడు తేలికే, కానీ మధ్యలో ఇరుకు ఎక్కువవుతుంది. 1.96 మీటర్ల జమైకా అథ్లెట్ హాన్సెల్ పార్చ్‌మెంట్ స్టార్ట్‌లో ఎప్పుడూ కాస్త వెనకే ఉండి చివర్లో పైకి రావడం గమనించే ఉంటారు.

మొదటి హర్డిల్‌లోనే రేసు ముగిసిపోవడం కూడా ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్ హీట్స్‌లో, అంటే తొలి రౌండ్ పరుగుల్లో, లియూ షియాంగ్ దానికే పడిపోయాడు. టేకాఫ్ తీసుకునే కుడి కాలి అకిలిస్ (మడమ వెనక స్నాయువు) అంతకు ముందే ఏళ్లుగా బాధపెడుతోంది, అదే తెగింది. నేలను తోసే బలం లేకపోవడంతో ముందు పాదం నేరుగా హర్డిల్‌ను తన్నింది. అలాంటి తాకిడి రూల్‌తోనో నిర్లక్ష్యంతోనో వచ్చేది కాదు. టేకాఫ్ కాలు మోసం చేస్తే ముందు కాలు లేవదు, అంతే.

గెలుపు ఎక్కడ తేలుతుందన్నదానికి కోచ్‌లు వాడే కొలత హర్డిల్ దాటాక పాదం నేల తాకిన క్షణం. 13.00 స్థాయి పరుగులో మొదటి హర్డిల్ దాటి దిగేసరికి సుమారు 2.5 సెకన్ల పైన. ఆ తర్వాత హర్డిల్‌కు హర్డిల్‌కు సగటున 1.01. చివరి 14 మీటర్లకు, అంటే పదో హర్డిల్ దాటి దిగినప్పటి నుంచి, 1.35 సెకన్ల చుట్టూ. ఒక హర్డిల్ నుంచి ఇంకో హర్డిల్‌కు 0.02 చొప్పున నెమ్మదైతే తొమ్మిది ఖాళీలకు 0.18. కాబట్టి ఎవడైనా హర్డిల్‌ను గుద్ది 0.05 పోగొట్టుకోవడం పెద్దగా కనబడుతుందిగానీ, కంటికి కనబడని ఆ 0.02లే ఎక్కువ తినేస్తాయి. మధ్యలో మూడు నాలుగు హర్డిల్స్ దగ్గర ఒకటి కంటే తక్కువలోకి పోగలిగినవాడు 12.90 లోపు మనిషి.

ఏడో హర్డిల్ తర్వాత అందరూ నెమ్మదిస్తారు. ఎవడు తక్కువ నెమ్మదిస్తే వాడిది రేసు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ అందుకు మంచి పాఠం. హాలోవే ఆ ఏడాదే అమెరికా ట్రయల్స్‌లో (ఒలింపిక్ జట్టు ఎంపిక పోటీల్లో) 12.81 పరిగెత్తి రికార్డుకు సెకనులో వందో వంతు దూరంలో ఆగాడు. ఫైనల్లోనూ ముందే ఉన్నాడు. చివర్లో అడుగుల చురుకు తగ్గింది, పార్చ్‌మెంట్ దాటుకుపోయాడు. 13.04కి 13.09. మూడోవాడు రొనాల్డ్ లెవీ 13.10. హాలోవే అక్కడ పెద్ద తప్పేమీ చెయ్యలేదు. దిగే పాదం కొద్ది కొద్దిగా ముందుకు జరిగి, భుజాలు బిగుసుకుని, హర్డిల్ మీద కాస్త కాస్త ఎత్తు పెరిగింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అతనే 12.99తో స్వర్ణం గెలిచాడు. అక్కడ డానియల్ రాబర్ట్స్, రషీద్ బ్రాడ్‌బెల్ ఇద్దరికీ 13.09. రజతం, కాంస్యం వెయ్యో వంతుల్లో తేలాయి. చివరి హర్డిల్ తర్వాత ఛాతీ ఎప్పుడు వంచాలన్నది అలాంటప్పుడే అక్కరకొస్తుంది. కొలిచేది మొండెమే, తల, చెయ్యి, కాలు లెక్కలోకి రావు. రెండు అడుగులు ముందే వంగినవాడు నష్టపోతాడు.

గాలి గురించి ఒక్క మాట. 110 హర్డిల్స్‌లో తుపాకి పేలినప్పటి నుంచి 13 సెకన్ల పాటు కొలుస్తారు. సెకనుకు 2 మీటర్లకు మించిన వెనక గాలి ఉంటే రికార్డు చెల్లదు. అయితే వెనక గాలి 100 మీటర్లలో ఇచ్చినంత లాభం ఇక్కడ ఇవ్వదు, కారణం పైన చెప్పిందే: ఇరుకు. గాలి తోస్తుంటే అడుగులు ఇంకా కుదించాలి, లేకపోతే బద్దీ మీదే. మెరిట్ 12.80కి గాలి 0.3 మాత్రమే, హాలోవే 12.81కి 1.8. ఎదురు గాలిలో దీనికి తలకిందులు, హర్డిల్ దూరమవుతుంది, సాగదీసి దూకినవాళ్ల వెనక కాళ్లు తగలడం మొదలవుతుంది. హీట్స్ చూస్తున్నప్పుడు గాలి అంకెను బట్టి ఏ రకం తాకిళ్లు ఎక్కువ ఉంటాయో ముందే చెప్పొచ్చు.

400 హర్డిల్స్ వేరే ఆట, అయినా మీ ప్రశ్న అక్కడా వర్తిస్తుంది. ఎత్తు 0.914, మొదటి హర్డిల్‌కు 45 మీటర్లు, మధ్యలో 35, చివర 40. మధ్యలో 13 అడుగులైతే ఒక్కోటి 2.4 మీటర్లు, 15 అయితే 2.1. బేసి అడుగులైతే ప్రతిసారీ అదే కాలు ముందుకొస్తుంది. అలసిపోయి 14కి మారితే కాలు మారుతుంది, రెండో కాలితో దాటడం రానివాడు అక్కడ చిక్కుకుంటాడు. వంపులో ఎడమ కాలు ముందు వెయ్యడం లాభం. కుడి కాలితో దాటేవాడు లేన్ లోపలి గీతకు మరీ ఆనుకుని పరిగెత్తితే వెనక ఎడమ కాలు హర్డిల్ పక్కనుంచి దిగువగా పోయి, రూల్లోని మొదటి తప్పులో దొరికిపోతాడు. వంపులో వచ్చే అనర్హతల్లో ఇదే ఎక్కువ.

అక్కడా పడేయడం లెక్కలోకి రాదు. 1992 బార్సిలోనాలో కెవిన్ యంగ్ పదో హర్డిల్‌ను తగిలించుకుని కూడా 46.78 పరిగెత్తాడు. అది 2021లో నార్వే అథ్లెట్ కార్‌స్టెన్ వార్‌హోల్మ్ 46.70 పరిగెత్తేదాకా రికార్డుగా నిలిచింది, ఆ తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో అతనే 45.94 పరిగెత్తాడు. 2025 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ ఫైనల్లో రాయ్ బెంజమిన్ చివరి హర్డిల్‌ను గట్టిగా గుద్దినా 46.52తో ముందొచ్చాడు. మొదట అనర్హుడన్నారు, అప్పీల్ తర్వాత స్వర్ణం తిరిగిచ్చారు. మూడో తప్పు కింద నిలబెట్టాలంటే హర్డిల్ పడిందని చూపిస్తే చాలదు, దానివల్ల ఇంకొకడి పరుగుకు ఆటంకం కలిగిందని తేలాలి.

ఈసారి ఫైనల్ రికార్డింగ్ చూసేటప్పుడు ఇలా చేసి చూడండి. వేగం నాలుగో వంతుకు తగ్గించి, ఒక్క లేన్‌నే పట్టుకోండి. హర్డిల్ దాటిన పాదం నేల తాకిన ప్రతిసారీ వీడియో టైము రాసుకోండి, పది అంకెలు వస్తాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే తొమ్మిది మిగులుతాయి. మామూలు వీడియో సెకనుకు 25 లేదా 30 ఫ్రేములు కాబట్టి ఒక్కో అంకెలో 0.03 నుంచి 0.04 దాకా తప్పు ఉంటుంది. రెండేసి ఖాళీలు కలిపి చూస్తే ఆ తప్పు పలచబడుతుంది. హర్డిల్ పడిన చోట గుర్తు పెట్టుకుని, దాని తర్వాతి ఖాళీ అంకె పెరిగిందో లేదో చూడండి. పెరగకపోతే అది పిక్క రాసుకున్న తాకిడి. 0.05, అంతకు మించి పెరిగితే మోకాలో అరికాలో తగిలినట్టు. విజేతకూ నాలుగోవాడికీ ఇదే పని చేస్తే, ఇద్దరి తేడా ఎక్కువగా మూడో హర్డిల్‌కూ ఆరో హర్డిల్‌కూ మధ్య మొదలై, ఎనిమిది తర్వాత వెడల్పయినట్టు కనిపిస్తుంది.